కాస్త చల్లారనివ్వండి

ఈ నెల శీర్షిక మొత్తం కాఫీకే ఇచ్చేశాం. నా గురించి రెండు ముక్కలు చెప్పి ఉత్తరాల్లోకి వెళ్తాను. పద్దెనిమిదేళ్లు కాఫీ రుచి చూడటమే నా ఉద్యోగం. పొద్దున్నే టేబుల్ మీద ఆరు రకాల గింజలు, ఒక్కో రకానికి ఐదేసి కప్పులు, మొత్తం ముప్పై. ఐదెందుకంటే, ఒక్క చెడ్డ గింజ పడినా అది పడిన కప్పు మిగతా నాలుగింటి పక్కన ఇట్టే దొరికిపోతుంది. కప్పుకు 150 మి.లీ. నీళ్లు, ఎనిమిది గ్రాముల పైచిలుకు పొడి. నాలుగు నిమిషాలయ్యాక పైన తేలిన తెట్టును చెంచాతో వెనక్కి నెట్టి, ముక్కు దాదాపు కప్పులో పెట్టి వాసన చూడాలి. కాస్త ఆగి చెంచాడు జుర్రి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో ఊసేయాలి. ‘తాగి తాగి విసుగెత్తలేదా’ అని చాలామంది అడిగారు. తాగితే కదండీ విసుగెత్తడానికి!

ప్రశ్న: ఇన్నేళ్లు అన్ని రకాలూ చూశారు కదా, ఇంట్లో మీరు తాగేది ఏ కాఫీ? దాచకుండా చెప్పండి.
– కుతూహలం ఆపుకోలేని పాఠకురాలు

జవాబు: దాచడానికేముందమ్మా. పొద్దున ఒకటి, సాయంత్రం నాలుగు దాటకుండా ఒకటి. రెంటికీ పోలికే ఉండదు.

పొద్దుటిది ఇథియోపియాలోని యిర్గాచెఫె ప్రాంతపు గింజ, లేతగా వేయించినది. అరబికా కాఫీకి పుట్టిల్లు ఆ దేశపు అడవులే. ఈ గింజలో మల్లెపూల వాసన, నిమ్మతొక్క లాంటి పులుపు ఉంటాయి. మొదటిసారి తాగినవాళ్లు ‘ఇది కాఫీయా, టీయా’ అంటారు. 15 గ్రాములు తూచి, అప్పటికప్పుడు పొడి చేసి, కాగితపు ఫిల్టర్‌లో వేసి, ముందు తడిసేంతవరకే ఓ 40 మి.లీ. వేడినీళ్లు పోస్తాను. పోసి ఆగుతాను. రోజు మొత్తంలో నాకు బాగా నచ్చే అరనిమిషం అదే. పొడి నెమ్మదిగా పైకి లేస్తుంది, నడుమ గోపురంలా ఉబ్బుతుంది, సన్నటి బుడగలు ఒక్కొక్కటే పగులుతాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అలా బయటికి పోతుంది. వేయించి నెలలు దాటిన పొడి అయితే చలనం లేకుండా తడిమట్టిలా పడి ఉంటుంది. ప్యాకెట్ మీద తేదీ వెతుక్కోనక్కర్లేదు, ఆ అరనిమిషం చూస్తే చాలు. ఆ తర్వాత మిగతా 210 మి.లీ. రెండు మూడు దఫాలుగా పోస్తే మూడు నిమిషాల్లో దిగిపోతుంది.

దిగాక వెంటనే తాగను. ఒక గుక్క తాగి కప్పును కిటికీ గట్టు మీద పెట్టేస్తాను. పొగలు కక్కే కాఫీలో నాలుకకు తెలిసేది వేడే. పది నిమిషాలకు పులుపు విచ్చుకుంటుంది. ఇరవై నిమిషాలకు, గోరువెచ్చగా అయ్యాక, పంచదార వేయకపోయినా అడుగున ఒక తీపి తగులుతుంది. ఉద్యోగంలో కూడా కప్పు సుమారు 71 డిగ్రీలకు దిగాకే నాలుక మీద పెట్టుకునేవాళ్లం, పూర్తిగా చల్లారేదాకా మళ్లీ మళ్లీ చూసేవాళ్లం. వేడిగా ఉన్నంతసేపూ ఎంత చెడ్డ కాఫీ అయినా దాక్కుంటుంది. చల్లారితే దాక్కోలేదు. అన్నట్టు, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో 65 డిగ్రీలు దాటిన పానీయాలను బహుశా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. తప్పు కాఫీది కాదు, ఆ వేడిది.

సాయంత్రానిది మాత్రం ముదురుగా వేయించిన పొడి, చిక్కటి పాలు, చెంచాడు పంచదార. ‘టేస్టరమ్మ పంచదార వేసుకుంటుందా!’ అని బుగ్గలు నొక్కుకోకండి. జడ్జి గారు ఇంటికెళ్లాక కూడా తీర్పులు చెబుతూ కూర్చుంటారా?

గోరువెచ్చని కాఫీ ఇప్పుడు నాకు ఇష్టమే గానీ, ఇష్టపడి మొదలుపెట్టిన అలవాటు కాదు. ఆ సంగతి కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది.

ప్రశ్న: మోజుపడి గ్రైండర్ కొన్నాను, గింజలు కొన్నాను. ఒకరోజు కాఫీ పుల్లగా ఉంటుంది, ఒకరోజు విషంలా చేదుగా ఉంటుంది. పొడి అదే, నీళ్లు అవే, మనిషిని నేనే. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– చేదుకీ పులుపుకీ మధ్య నలుగుతున్న ఇంజినీరు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే గోడు. అందుకని మీ పేరు చెప్పి అందరికీ వివరంగా రాస్తున్నాను.

వేయించిన గింజలో నీటిలో కరిగే సరుకు దాదాపు 30 శాతం ఉంటుంది. అదంతా కప్పులోకి రాకూడదు. 18 నుంచి 22 శాతం వస్తే చాలు. పైగా అన్నీ ఒకేసారి రావు. ముందు పులుపు దిగుతుంది, దాని వెనకాల తీపి, చివర్లో చేదూ వగరూ. మధ్యలో ఆపేస్తే పులుపు ఒక్కటే మిగులుతుంది. అతిగా పిండితే చేదు వచ్చి కూర్చుంటుంది. అంటే మీకు వస్తున్నవి రెండు జబ్బులు కావు, ఒకే జబ్బుకు రెండు కొసలు.

పుల్లగా ఉంటే పొడి ఇంకాస్త మెత్తగా కొట్టండి, లేదా నీళ్లు మరింత వేడిగా పోయండి. చేదుగా ఉంటే పొడి బరకగా కొట్టండి. ఒక్కరోజున ఒక్కటే మార్చాలి, ఇంజినీరు గారికి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. కాగితపు ఫిల్టర్‌కు పొడి సన్న పంచదార పలుకంత ఉంటే బాగుంటుంది. ఫ్రెంచ్ ప్రెస్‌లో, అంటే పొడిని నీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే పాత్రలో, నాలుగు నిమిషాలు నానుతుంది కాబట్టి అంతకంటే బరకగా ఉండాలి. ఎస్‌ప్రెసో అయితే తొమ్మిది బార్ల ఒత్తిడితో 25, 30 సెకన్లలో ముగిసిపోతుంది గనక బాగా మెత్తగా కొట్టాలి. నీళ్లు 90 నుంచి 96 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే నీళ్లు తెర్లాక దించి అరనిమిషం, ముప్పావు నిమిషం ఆగితే సరి. లేత గింజకు అసలు ఆగకపోయినా నష్టం లేదు.

పులుపో చేదో తేల్చుకోలేనివాళ్లకు నేనో గుర్తు చెబుతాను. గుక్క మింగాక నాలుక రెండు పక్కలా జివ్వుమని నీళ్లూరితే అది పులుపు. గొంతు దగ్గర పట్టుకుని, పెదాల లోపలివైపు ఎండినట్టయితే అది అతిగా పిండిన కాఫీ. రెండూ ఒకే కప్పులో ఉంటే? అప్పుడు గ్రైండర్‌ను అనుమానించండి. బ్లేడు తిరిగే రకం గ్రైండర్‌లో సగం పొడి దుమ్మవుతుంది, సగం ముక్కలుగా మిగులుతుంది. దుమ్ము చేదునిస్తుంది, ముక్కలు పులుపునిస్తాయి. నలిపే రకం గ్రైండర్ ఖరీదెక్కువే గానీ, మెషీన్ మీద పెట్టే డబ్బు దాని మీద పెట్టడం మేలు.

ఇక ‘పొడి అదే’ అన్నారు చూడండి, అక్కడ నాకు నమ్మకం కుదరలేదు. చెంచాతో కొలుస్తున్నారు కదూ? లేత గింజ బరువు, ముదురు గింజ గుల్ల. చెంచాడంటే రెంటికీ ఒకే బరువు రాదు. చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. నీళ్ల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఫిల్టర్ కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే. లవణాలన్నీ లాగేసిన నీళ్లలో కాఫీ డొల్లగా, పదునుగా ఉంటుంది. బాగా ఉప్పగా ఉండే నీళ్లలో మొద్దుబారిపోతుంది. తాగితే హాయిగా ఉండే నీళ్లే కాఫీకీ పనికొస్తాయి.

గ్రైండర్ ఎప్పుడు శుభ్రం చేశారు? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గింజకు వారం రోజులు వరసగా తక్కువ మార్కులు వేశాను, పాత నూనె కంపు కొడుతోందని. మా పెద్దాయన ఏమీ మాట్లాడకుండా గ్రైండర్ విప్పి, పళ్ల సందుల్లో పేరుకున్న పొడి బ్రష్షుతో తీసి నా అరచేతిలో పోశారు. వాసన చూడమన్నారు. నేను వారం పాటు తిట్టిన కంపు అదే.

ప్రశ్న: మా ఆయనకు కాఫీ కషాయంలా స్ట్రాంగ్‌గా ఉండాలి. నాకు పలచగా, పాలు ఎక్కువగా ఉండాలి. పొద్దున్నే రెండు రకాల కాఫీ పెట్టలేక ప్రాణం పోతోంది. పైగా ‘నీది కాఫీ కాదు, పాలకు రంగు’ అని వెక్కిరింపు ఒకటి.
– రెండు గిన్నెలు తోముకుంటున్న ఇల్లాలు

జవాబు: ముందు మీ వారినడగండి, స్ట్రాంగ్ అంటే ఏమిటని. ఆ ఒక్క మాటతో జనం మూడు వేర్వేరు సంగతులు చెబుతుంటారు. ఒకటి చిక్కదనం, అంటే నీళ్లకు పొడి ఎంత అన్నది. రెండోది ముదురుగా వేయించిన చేదు. మూడోది కెఫీన్ బలం. నల్లగా వేయించినంత మాత్రాన కెఫీన్ పెరగదు. అది పెరగాలంటే గింజ మారాలి. రొబస్టాలో అరబికా కంటే దాదాపు రెట్టింపు కెఫీన్ ఉంటుంది. నల్లటి చేదు కాఫీ తాగి ఛాతీ విరుచుకునేవాళ్లు చాలామంది, పొడి తక్కువైన నీళ్ల కాఫీలో రొబస్టా పడితే అదే ఎక్కువ నిద్ర చెడగొట్టవచ్చని ఒప్పుకోరు.

రెండు గిన్నెల గొడవకు మందుంది. చిక్కటి డికాషన్ ఒక్కటే దించండి. 30 గ్రాముల పొడికి 250 మి.లీ. వేడినీళ్లు. పొడే ఓ 60 మి.లీ. తాగేస్తుంది, దాదాపు 190 మి.లీ. దిగుతుంది. అందులో 120 మీ వారికి, కాసిన్ని వేడినీళ్లు కలిపో కలపకుండానో. మిగిలింది మీకు, పైన పాలు మీ ఇష్టం. ఒకే డికాషన్ తాగుతున్నారు కాబట్టి వెక్కిరింపు కూడా ఆగుతుంది. ఆగకపోతే డికాషన్ దించే పని ఆయనకే అప్పగించండి.

ఒక్క జాగ్రత్త. పలచన చేయాలంటే దిగిన డికాషన్‌లో వేడినీళ్లు కలపాలి గానీ, వాడేసిన పిప్పి మీదే మళ్లీ నీళ్లు పోయకూడదు. రెండో దఫా దిగేదంతా చేదూ వగరే. పొదుపు అనుకుంటాం, మొదటి డికాషన్‌ను కూడా పాడుచేస్తాం.

ఆయనకు అదీ చాలకపోతే మోకా పాట్, అంటే పొయ్యి మీద పెట్టే రెండంతస్తుల కాఫీ పాత్ర, ఒకటి కొనండి. 1933లో ఇటలీలో ఆల్ఫోన్సో బియాలెట్టి పేరు మీద వచ్చిన సాధనం, ఇప్పటికీ పెద్ద మార్పు లేకుండా నడుస్తోంది. కింది గిన్నెలో ముందే కాచిన నీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే అవి కాగేలోపు పొడి మాడుతుంది. గుడగుడ చప్పుడు మొదలవ్వగానే దించేయండి. ఆ చప్పుడు విని ‘ఇంకా వస్తోంది’ అని ఉంచేవాళ్లే ఎక్కువ. అప్పుడొచ్చేది కాఫీ కాదు, ఆవిరీ చేదూ.

మీ పాల మాటకొస్తే, 60, 65 డిగ్రీల దగ్గర పాల తీపి బాగా తెలుస్తుంది. తెర్లించిన పాలకు ఆ తీపి తగ్గి మరో వాసన వస్తుంది. ఆ కాచిన పాల వాసనే ఇష్టమైనవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. పాలలోని ప్రొటీన్లు కాఫీలోని చేదూ వగరులను కొంత పట్టేసుకుంటాయి కాబట్టి పాల కాఫీకి ముదురు వేపుడే నప్పుతుంది. నా యిర్గాచెఫెలో పాలు పోస్తే మల్లెపూలు మునిగిపోయినట్టే.

ప్రశ్న: నేను ఇన్‌స్టంట్ కాఫీ తాగుతానంటే ఆఫీసులో నన్ను అదోలా చూస్తున్నారు. అది అసలు కాఫీయే కాదా?
– కించపడిన గుమాస్తా

జవాబు: కాఫీయే. ఎవరో పెద్ద ఎత్తున డికాషన్ తీసి, దాన్ని వేడిగాలిలో చిమ్మి గానీ గడ్డకట్టించి గానీ ఎండబెట్టారు. మీరు తీసేసిన నీళ్లు తిరిగి పోస్తున్నారు, అంతే. 1938లో స్విట్జర్లాండ్‌లో నెస్‌కెఫే మొదలయ్యాక ఇది ఇంటింటికీ వెళ్లింది. ఎండబెట్టేటప్పుడు వాసనలో చాలా భాగం పోతుందన్నది నిజం. కానీ రైల్లో, హాస్టల్ గదిలో, రాత్రి డ్యూటీలో నన్ను ఆదుకున్నది అదే.

మా వారు ముప్పై ఏళ్లుగా ఇన్‌స్టంటే తాగుతున్నారు. పెళ్లైన కొత్తలో మార్చాలని చూశాను. నా కప్పు ఒక గుక్క తాగి ‘బాగుంది, రేపటి నుంచి నాది నాకు ఇవ్వు’ అన్నారు. ఆయన దగ్గరే ఒక చిట్కా నేర్చుకున్నాను. పొడి మీద మరిగే నీళ్లు పోయకుండా, ముందు రెండు చెంచాల మామూలు నీళ్లతో కలిపి ముద్ద చేసి, ఆపైన వేడినీళ్లో పాలో పోస్తారు. ఉండ కట్టదు, కాస్త మృదువుగా కూడా ఉంటుంది. పంచదారతో కలిపి గిలక్కొడితే తేనెరంగు నురగ వస్తుంది. ఆయనకు అంత ఓపిక లేదనుకోండి.

ప్రశ్న: కాఫీ పొడి ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటా?
– క్లుప్తంగా అడిగే పాఠకుడు

జవాబు: బయటే, గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి పెడుతుంటే చల్లటి పొడి మీద చెమ్మ పడుతుంది, పైగా పక్కనున్న వాటి వాసనంతా పీల్చుకుంటుంది. ఇంట్లో ఫ్రిజ్ వాసన వదిలించడానికి కాఫీ పిప్పి పెడతారే, పొడి కూడా అదే పని చేస్తుంది, మీరు అడగకపోయినా. ఎక్కువ కొన్నారా, వారానికి సరిపడా పొట్లాలు కట్టి, గాలి లేకుండా మూసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తీసినదాన్ని మళ్లీ లోపల పెట్టకండి, చల్లదనం పోయాకే మూత విప్పండి. వీలైతే గింజలుగానే కొనండి. పొడి చేసిన కాసేపటికే వాసన సగం ఎగిరిపోతుంది.

ప్రశ్న: నాకిప్పుడు ఐదో నెల. కాఫీ పూర్తిగా మానేయమని ఇంట్లో ఒకటే పోరు. ఒక్క కప్పు కూడా వద్దా? డీకాఫ్ తాగొచ్చా?
– కాఫీ కలలోకి వస్తున్న కాబోయే తల్లి

జవాబు: తల్లీ, మీ డాక్టరు మీకు ప్రత్యేకంగా వద్దని చెప్పి ఉంటే ఆ మాటే వినండి. మామూలుగా అయితే గర్భిణులు రోజుకు 200 మి.గ్రా. కెఫీన్ దాటకూడదన్నది యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దు. ఆరోగ్యంగా ఉన్న మిగతా పెద్దవాళ్లకు 400. పెద్ద కప్పు, అంటే 240 మి.లీ. ఫిల్టర్ కాఫీలో సుమారు 95 మి.గ్రా. ఉంటుంది. ఇన్‌స్టంట్‌లో ఇంకా తక్కువ. టీ, కోలా, చాక్లెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, అది మాత్రం మరిచిపోవద్దు.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. మామూలు మనిషి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి ఐదు గంటల దాకా పడుతుంది. నెలలు నిండేకొద్దీ ఆ సమయం రెట్టింపు, మూడింతలు అవుతుంది. అందుకే ఆ ఒక్క కప్పూ పొద్దున్నే తాగేయండి. సాయంత్రం కాఫీ తాగి నిద్ర పట్టట్లేదని రాసిన మరో నలుగురికీ ఇదే జవాబు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది కూర్చోవాల్సిన కుర్చీలో కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. నిద్ర ఎక్కడికీ పోదు, గుమ్మం బయట నిలబడి ఉంటుంది. ఆరు గంటలకు తాగిన కాఫీలో సగం పదకొండింటికి ఇంకా కుర్చీ ఖాళీ చేయదు.

డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, నిరభ్యంతరంగా తాగొచ్చు, కప్పులో మిగిలేది కొన్ని మిల్లీగ్రాములే. కెఫీన్‌ను మొదట విడదీసింది 1819లో రుంగె అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, ఆ గింజలిచ్చి పరీక్షించమన్నది మహాకవి గేథె. ఇప్పుడు నీళ్లతో గానీ, ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో గానీ, కొన్ని ద్రావకాలతో గానీ పచ్చి గింజ నుంచే తీస్తారు. నీళ్లతో తీసిందా అని ప్యాకెట్ మీద చూసి కొనండి, నాకు ఆ రకం రుచే నచ్చుతుంది. డీకాఫ్ అంటే చప్పిడి అన్న పేరు పాతకాలపు సరుకు వల్ల వచ్చింది. ముప్పై కప్పుల వరసలో ఒకసారి చెప్పకుండా డీకాఫ్ కలిపి పెడితే నేను దానికి రెండో స్థానం ఇచ్చాను. ఆ రోజు నన్ను ఎంత ఏడిపించారో!

ప్రశ్న: కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. ప్రెస్‌లో కాఫీ చేసుకోవద్దని ఎవరో అన్నారు. నిజమేనా?
– ప్రెస్ మీద ప్రాణం పెట్టుకున్న రిటైర్డ్ టీచర్

జవాబు: నిజమేనండీ మాస్టారూ. కాఫీ నూనెలో కాఫెస్టాల్ అనే పదార్థం ఉంది. అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. పొడి నీళ్లలో మరిగించినా, ప్రెస్‌లో చేసినా అది కప్పులోకి వచ్చేస్తుంది. కాగితపు ఫిల్టర్ దాన్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఆ కాగితం కనిపెట్టింది ఒక ఇల్లాలు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ కప్పు అడుగున మడ్డి భరించలేక, ఇత్తడి గిన్నెకు చిల్లులు కొట్టి, కొడుకు నోటుపుస్తకంలోంచి సిరా అద్దే కాగితం చింపి వేసింది. 1908లో పేటెంట్ తీసుకుంది. ప్రెస్‌లో ఉండే జిడ్డైన నిండుదనం కాగితంలో రాదు, అది ఒప్పుకోవాలి. ప్రెస్‌లో చేసి, కాగితంలోంచి వంచి చూడండి. పని రెట్టింపే, కానీ మీరు రిటైరయ్యారుగా.

ప్రశ్న: వైరల్ జ్వరం తగ్గి ఐదు నెలలైంది. అప్పటినుంచి కాఫీ వాసన తగిలితే కడుపులో తిప్పుతోంది. కాలిన రబ్బరు, కుళ్లిన ఆకులు కలిపినట్టుంటుంది. ఎవరికి చెప్పినా ‘మానెయ్, పీడా పోతుంది’ అంటున్నారు. ముప్పై ఏళ్ల అలవాటు. ఏం చేయాలి?
– ముక్కు మోసం చేసిన పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు పిచ్చి పట్టలేదు, నెపం కాదు, దీనికి పేరుంది: పరోస్మియా. వైరస్ దెబ్బకు పాడైన వాసన నాడులు తిరిగి మొలిచేటప్పుడు తప్పుడు కబురు పంపుతాయి. 2022లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏ పదార్థాలు ఇలా కంపు కొడుతున్నాయో వెతికితే, కాఫీకి కాఫీ వాసన తెచ్చే ముఖ్య పదార్థాల్లో ఒకటైన 2-ఫ్యూరాన్‌మిథేన్‌థయోల్ ముందు వరసలో తేలింది. అణువంత ఉన్నా ముక్కుకు తెలిసిపోయే రకం అది.

నాలుగేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. ముప్పై కప్పుల ముందు నిలబడి తెట్టు నెట్టాను. ఏమీ లేదు. వేడి ఆవిరి ముక్కుకు తగిలింది, అంతే. రెండో కప్పు, మూడో కప్పు. పెన్ను పక్కన పెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్లి సబ్బు వాసన చూశాను, అదీ లేదు. మూడు నెలల తర్వాత వాసన వచ్చింది, మీకు వచ్చినట్టే వచ్చింది. మా వారి ఇన్‌స్టంట్ డబ్బా మూత తీస్తే నేను వీధిలోకి పరుగెత్తేదాన్ని. పాపం ఆయన ఆర్నెల్లు బాల్కనీలో నిలబడి తాగారు. ఉద్యోగం వదిలేశాను. ముక్కు లేని టేస్టర్‌ను ఎవరు పెట్టుకుంటారు?

దారి అనుకోకుండా దొరికింది. ఒకరోజు ఎవరో చుట్టాలొస్తే పెట్టి, మిగిలిన కప్పు గంట తర్వాత తీయబోతూ పొరపాటున పెదాలకు తగిలించాను. కంపు లేదు. చల్లారిన కాఫీ లోంచి వాసన ఆవిరి అంతగా లేవదు. నాలుకకు పులుపు తెలిసింది, కొంచెం తీపి తెలిసింది. వంటగదిలో నిలబడి ఆ కప్పు మొత్తం తాగేశాను. ఆ మర్నాటి నుంచి లేత వేపుడుకు మారాను, ఎందుకంటే గింజను ముదురుగా వేయించేకొద్దీ పైన చెప్పిన ఆ పదార్థం పెరుగుతుంది. మొదటి జవాబులో నేను గొప్పగా చెప్పుకున్న లేత గింజ, కిటికీ గట్టు, అన్నీ అప్పుడు వచ్చినవే.

మీరూ అలాగే మొదలుపెట్టండి. లేత గింజ, చల్లార్చిన కప్పు. లేదా పొడిని చన్నీళ్లలో 12 నుంచి 16 గంటలు నానబెట్టి వడకట్టిన కోల్డ్ బ్రూ. ముక్కు, చెవి, గొంతు డాక్టరును తప్పక కలవండి. వాసన శిక్షణ అని ఒకటుంది: గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్, ఈ నాలుగూ ఒక్కొక్కటి కొన్ని సెకన్లు, రోజుకు రెండుసార్లు, తక్కువలో తక్కువ పన్నెండు వారాలు. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో మొదట ప్రచురించిన పద్ధతి. పీల్చేటప్పుడు ఆ పువ్వునో పండునో గుర్తు తెచ్చుకోవాలి. నేను పది నెలలు చేశాను, ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అరవయ్యో రోజున లవంగం లవంగంలా వచ్చింది. కాఫీ చాలా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇప్పటికీ డబ్బా మూత తీసిన క్షణంలో పాత వాసనలో ఒక ముక్క తగ్గుతుంది. ఏ ముక్కో నాకు తెలుసు, వేడిగా వేయించిన గింజ చిట్లినప్పుడు వచ్చేది. సాయంత్రం పాల కాఫీ మళ్లీ తాగగలుగుతున్నాను, అది చాలు నాకు.

మానెయ్ అన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. వాళ్లకు తెలియదు.

ప్రశ్న: మా అబ్బాయి పెద్ద చదువులు చదివాడు, మంచి ఉద్యోగం. కాఫీ మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా జుర్రుతాడు. పెళ్లిచూపులు దగ్గరపడుతున్నాయి. ఎలా మాన్పించాలి?
– టెన్షన్ పడుతున్న తల్లి

జవాబు: అమ్మా, నా చేత మాన్పించాలనుకోవడం మీ పొరపాటు. గట్టిగా జుర్రితే కాఫీ తుంపరలై నోరంతా పరుచుకుంటుంది, ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం అలా తెలిసేదే. మా పెద్దాయన జుర్రితే పక్కగదిలో గుడ్డ చించినట్టు వినిపించేది. నాకు పద్దెనిమిదేళ్లు జీతమిచ్చి మరీ జుర్రించారు. పెళ్లిచూపుల రోజున మాత్రం కప్పు కాసేపు టీపాయ్ మీదే ఉంచమనండి. చల్లారిన కాఫీకి జుర్రాల్సిన పనుండదు.